ఫారిన్ మాత్రలకు మా అత్త పథ్యం

ఎనభైల చివరినాటి మాట. అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్లో పనిచేస్తుండగా నా నడుము చుట్టూ సర్పి పొక్కులు లేచాయి. నిప్పుల మొలతాడు కట్టుకున్నట్టుండేది. కువైట్ నుంచి సెలవుకొచ్చిన బాబాయి, అక్కడెవరో ఇదే జబ్బుకి వాడగా మిగిలిన, వైరస్‌ని చంపే మాత్రలు నా చేతిలో పెట్టాడు.

నన్ను పెంచిన మేనత్తకు మందంటే పథ్యమే. పసరు మందుకే చింతపండు మానిపించే మనిషి, విమానమెక్కి వచ్చిన మందుకు ఊరుకుంటుందా? ఏకంగా మంచినీళ్లే మానిపించింది.

"గొంతెండిపోతోందత్తా!"

"ఎండనీరా. పొక్కులూ ఎండుతాయి. మాత్ర దిగడానికి ఒక్క గుక్క చాలు."

మాత్రలు సగం అయ్యేసరికి వాంతులు, ఒంటేలు బందు. ఆపైన మతి తప్పి, కొట్టు ముందున్న కాయల రాశిని చర్చికొచ్చిన జనమనుకుని వాక్యం చెప్పానట. లారీవాళ్లు లోడింగు ఆపి మరీ విన్నారట. రెండు కాయలు మారుమనసు పొందాయని నేనంటాను, ఎవరూ నమ్మరు.

అమలాపురంలో డాక్టరు గారు మాత్రలు చూసి అదిరిపడ్డారు. "ఈ మందుకి నీళ్లు బాగా తాగాలమ్మా! లేకపోతే కిడ్నీల్లో పేరుకుపోద్ది. కుర్రాడు పోయేవాడు! నీళ్లెవరు మానిపించేరు?"

"నేనేనండి. ఫారిన్ మందు కదండీ, పథ్యం గట్టిగా ఉండాలనుకున్నానండి" అని అత్త ఏడ్చేసింది.

సెలైను ఎక్కించారు. మర్నాటి దాకా అత్త మంచం కింది ఒంటేలు గిన్నెనే చూస్తూ ప్రార్థన చేసింది. చివరికి గిన్నె మోగింది. "స్తోత్రం!" అని ఆవిడ వేసిన కేకకు వార్డంతా "స్తోత్రం!" అంది.

ఒకరికిచ్చిన మాత్ర ఇంకొకరు మింగకూడదని నాకు ఆరోజే బోధపడింది. అత్తకేం బోధపడిందో చెప్పలేను. రోజూ బిందెడు నీళ్లు పట్టించమని డాక్టరు గారు చెబితే, "ఆయ్! మరి నీళ్లకి పథ్యమేంటండీ?" అంది.