చివరి కుళాయి దగ్గర రెండు నిమిషాలు

1974 జూన్‌లో కృష్ణా డెల్టాలోని ఒక చిన్న మునిసిపాలిటీలో, నీటి సరఫరా విభాగంలో లేబొరేటరీ అసిస్టెంటుగా చేరాను. ఆ ఊరి పేరు రాయను. మా ఇల్లు విజయవాడ. వారమంతా అక్కడ ఒక అద్దె గదిలో ఉండి, శనివారం మధ్యాహ్నం ఉయ్యూరు మీదుగా వచ్చే బస్సెక్కేదాన్ని. ఇరవై రెండేళ్ళ వయసు, కొత్తవాళ్ళ ముందు నోరు పెగలని స్వభావం. గదికి చేరాక పుస్తకమో, డైరీయో.

పంపుహౌసు పక్కనున్న చిన్న గదే లేబొరేటరీ. కాలవ నీళ్ళు ముందు చెరువులో నిలిచి, ఫిల్టర్ బెడ్లలోంచి, అంటే ఇసుక పొరలున్న తొట్లలోంచి దిగి, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కుతాయి. అక్కడ బ్లీచింగ్ పౌడర్ కలిపిన తేట వదులుతారు. ఆరింటికి వాల్వు తిప్పితే ఊళ్ళోకి నీళ్ళు వెళతాయి. ఊరి చివరికి చేరేసరికి ఆ నీళ్ళలో ఇంకా క్లోరిన్ మిగిలిందా లేదా అన్నది చూడటం నా పని. వీధి కుళాయి దగ్గర సీసాలో పట్టిన నీళ్ళలో కొన్ని చుక్కల మందు వేస్తే పసుపు రంగు తేలాలి. తేలకపోతే ఆ నీళ్ళు తాగే ఇళ్ళకు జబ్బులు వచ్చే ప్రమాదం ఉన్నట్టు.

విజయవాడలో మా ఇంటి కుళాయి తిప్పితే నీళ్ళొచ్చేవి. వాటి వెనక ఒక మనిషి ఉంటాడనీ, ఆయనకొక పేరుంటుందనీ డిగ్రీ పుచ్చుకునేదాకా నేను ఆలోచించలేదు. ఈ ఊళ్ళో ఆ మనిషి ఏసుపాదం. వాల్వులు తిప్పడం, పౌడరు కలపడం రెండూ ఆయన పనులే. పదకొండేళ్ళుగా మస్టర్ రోలు మీద, అంటే హాజరైన రోజుకే కూలి అన్న పద్ధతిలో ఉన్నాడు. పర్మనెంటు చేయవలసిన వాళ్ళ జాబితాలో ఆ ఏడే ఆయన పేరు చేరింది.

నమూనా పట్టడానికి ఒక నియమం ఉంది. కుళాయి తిప్పి రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలేయాలి. రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్ళలో క్లోరిన్ చచ్చిపోతుంది. అవి పోయాక వచ్చేవే ట్యాంకు నీళ్ళు. ఇది నాకు పుస్తకంలో చదివి కంఠస్థం.

ఆగస్టులో ఒక ఉదయం ఊరి చివరి కుళాయి దగ్గరికి వెళ్ళాను. బిందెల వరస వీధి మలుపు దాకా ఉంది. కుళాయి బుసకొట్టి అప్పుడే నీళ్ళు మొదలయ్యాయి. వరసలో ముందున్న నాంచారమ్మ నా చేతిలోని సీసా చూసి పక్కకు జరిగింది.

“ఆ చెంబెడు సీసాకి ఎంతసేపమ్మాయ్? పట్టుకుని తప్పుకో. ఏడున్నరకల్లా కట్టేస్తాడు మహానుభావుడు.”

వెనక ఎవరో నవ్వారు. రెండు నిమిషాలు నీళ్ళు నేలపాలు చేయాలని చెప్పడానికి నోరు రాలేదు. మొదటి ధారకే సీసా పెట్టి, మూత బిగించి, తల వంచుకుని వచ్చేశాను. నమూనాలో రంగు రాలేదు. రిజిస్టరులో ‘క్లోరిన్ లేదు’ అని ఎర్ర సిరాతో రాసి అసిస్టెంట్ ఇంజనీరు గారికి పంపాను. నీళ్ళు వదలలేదన్న మాట ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను కానీ రిజిస్టరులో రాయలేదు.

మూడో రోజు ఏసుపాదం లేబొరేటరీ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో మెమో. ఇంగ్లీషులో ఉంది, చదివిపెట్టమన్నాడు. బ్లీచింగ్ ఎందుకు కలపలేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే పేరు జాబితాలోంచి తీసేస్తారు. అదే తెలుగులో చెప్పాను.

“కలిపానండి అమ్మాయిగారూ. చేతులు చూడండి.”

చూపించాడు. వేళ్ళ సందులు పౌడరు తిని పగిలి, తెల్లగా ఉన్నాయి. ఏ కుళాయి దగ్గర నీళ్ళని అడిగాడు. చెప్పాను.

“చివరిదాండీ. మొదటి నీళ్ళు పట్టేశారేమోనండి. అవి మా ఇంట్లో కూడా పట్టనివ్వనండి నేను.”

అందులో నిష్ఠూరం లేదు, పనివాడు పనివాడితో మాట్లాడినట్టే ఉంది. సంజాయిషీ నేను రాసిపెడతానని మాత్రం అన్నాను. కానీ కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది, అందులో రాయడానికి ఆయన తప్పంటూ ఏమీ లేదని. నాది ప్రొబేషన్. నా తప్పు నేను ఒప్పుకుంటే నా ఉద్యోగానికే చిక్కు రావచ్చు. ఒప్పుకోకపోతే ఆయన పదకొండేళ్ళు పోతాయి.

మర్నాడు మళ్ళీ అదే కుళాయి దగ్గరికి వెళ్ళాను. ఈసారి సీసా పెట్టకుండా నీళ్ళు పోనిచ్చాను. నాంచారమ్మ ఊరుకోలేదు.

“అదేంటమ్మాయ్, రెండు బిందెల నీళ్ళు మురుగులో పోస్తావా?”

“రాత్రి నుంచి గొట్టంలో ఉన్నవండీ. తాగడానికి పనికిరావు. కాసేపాగితే మంచివొస్తాయి.”

“నోరుందే ఈ పిల్లకి!” అని వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది. తరవాత మురికి బట్టల బకెట్టు తెచ్చి ధార కింద పెట్టింది. నమూనాలో పసుపు రంగు చక్కగా తేలింది.

అయితే ఈ రోజు నీళ్ళు బాగున్నంత మాత్రాన ఆ రోజువీ బాగున్నాయని రుజువు కాదు. అందుకే ఇంజనీరు గారి గదికి వెళ్ళి, నమూనా తప్పుగా పట్టింది నేనేనని చెప్పాను. ఆయన కేకలు వేయలేదు. అది నోటిమాటగా చెల్లదనీ, అదే రిజిస్టరులో నా చేత్తో రాసి సంతకం పెట్టాలనీ అన్నారు. పెట్టాను. ఏసుపాదం మెమో వెనక్కి తీసుకున్నారు. నాకు వేరే మెమో వచ్చింది, ప్రొబేషన్ ఆరు నెలలు పెరిగింది. ఆయన పేరు జాబితాలో నిలిచింది.

ఆ నెలాఖరున రిజిస్టరులో నేను రెండు కొత్త గళ్ళు గీశాను. ఒకటి నీళ్ళు ఎంతసేపు వదిలామన్నది, రెండోది ఆ రోజు పౌడరు కలిపి వాల్వు తిప్పింది ఎవరన్నది. నెల తిరిగాక ఏసుపాదాన్ని పిలిచి ఆ పేజీ చూపించాను. తెలుగు కూడబలుక్కుని చదవగలడు. వరసగా తన పేరే కనబడేసరికి ముఖం పాలిపోయింది.

“మళ్ళీ ఏం తప్పొచ్చిందండీ?”

“ఏమీ రాలేదు. నెలంతా నీళ్ళు బాగున్నాయి. అందుకే రాశాను.”

ఆయన నమ్మినట్టు కనబడలేదు. ఆ పేజీ ఇంకోసారి మొదటినుంచి చదివి, ట్యాంకు దగ్గర పనుందని వెళ్ళిపోయాడు.

నీళ్ళు బాగా వచ్చిన రోజున ఎవరి పేరూ రాయం, చెడ్డ రోజున మాత్రం పేరు వెతుకుతాం. పదకొండేళ్ళ మంచి నీళ్ళకు ఆ ఆఫీసులో ఏసుపాదం పేరుతో ఒక్క కాగితం లేదు, ఒక్క చెడ్డ సీసాకు మెమో తయారైంది. ఆ తరవాత నేను పనిచేసిన ప్రతి చోటా ఆ పేరు గడి గీయించాను. అవసరమేమిటని పై అధికారులు అడిగినప్పుడల్లా, నమూనా లెక్క పూర్తి కావడానికి అది కావాలని జవాబు రాశాను.