ఎరువుకు అనుమతి ఉంది

నా చిన్నప్పుడు, అంటే మరీ రాజుల కాలంలో కాదు, కరోనాకు ఊళ్లన్నీ తలుపులు వేసుకున్న ఎండాకాలంలో, మా తాత నన్నూ గొర్రెల మందనూ వెంటబెట్టుకుని కర్ణాటకకు బయలుదేరాడు. జుట్టు నెరవకుండానే చిన్నప్పటి కథలు చెప్తున్నానని మా అవ్వ నవ్వుతుంది. ఆ ఒక్క రోజులో నెరవాల్సినంత నెరిసింది, బయటికి కనపడలేదంతే.

మాది కుందుర్పి దాటాక వచ్చే పల్లె. ఏటా మా కుంట ఎండిపోగానే తాత మందను కర్ణాటకలో గౌడ అనే రైతు వక్కతోటకు తోలుకుపోయేవాడు. రాత్రిపూట మంద తోటలో పడుకుని ఎరువు ఇస్తుంది. గౌడ బోరు నీళ్లు ఇస్తాడు. మధ్యలో రాష్ట్రం మారుతుందని గొర్రెలకు ఎవరూ చెప్పలేదు.

తాతకు ఎవరైనా చెప్పినా నమ్మేవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయన కూలీసంఘం వాళ్ల మార్క్సిజం తరగతులకు పోయినాడు. అప్పటినుంచి దేశాల హద్దులన్నీ ఉన్నవాళ్లు తమ ఆస్తి చుట్టూ గీసుకున్న గీతలని, కష్టం చేసేవాడికి అవి అబద్ధమని చెప్పేవాడు. నా బడిపుస్తకంలో ప్రపంచపటం చూసి, "ఈ రంగులన్నీ నేలమీద యాడుండాయి, చూపించుమే" అనేవాడు. భూగోళంలో నాకు మార్కులు రాకపోవడానికి ఆయన సిద్ధాంతం కూడా కొంత సాయం చేసింది.

ఆ పొద్దున దారికి అడ్డంగా ముళ్లకంప వేసి ఉంది. అవతల ఒక పోలీసాయన నిలబడి ఉన్నాడు. తాత కర్రతో నేలను తట్టాడు.

"ఏమప్పా, గీత యాడుండాది ఈడ?"

"నాకూ కనపల్లేదు తాతా," అన్నాడు ఆయన, కన్నడం కలిసిన తెలుగులో. "నువ్వు దాటితే మాత్రం నా ఉద్యోగం కనపడదు."

సరేనని వెనక్కి తిరిగాం. ఈలోగా మా వైపు కూడా కంప పడింది. కర్ణాటక నుంచి వచ్చేవాళ్లను రానివ్వకూడదన్నాడు అక్కడి పోలీసాయన. మేము కర్ణాటకలోకి పోనేలేదని తాత మొత్తుకున్నాడు. "ఆ పక్కనుంచే కదా వస్తాండేది" అన్నాడు ఆయన. అదీ నిజమే.

అలా మా తాత జీవితమంతా కోరుకున్న హద్దుల్లేని లోకం మాకు దొరికింది. దాని విస్తీర్ణం ఒక తుమ్మచెట్టు నీడ. అందులో నీళ్లు లేవు.

ఎండ ఎక్కేకొద్దీ గొర్రెలు ఒకదాని పొట్టకింద ఒకటి తలలు దూర్చి రొప్పసాగాయి. తెల్లవారుజామున దారిలోనే ఈనిన, మందకు ముందు నడిచే గొర్రె, తన పిల్ల పొదుగు కుడుస్తుంటే కాళ్లు వణుకుతూ నిలబడింది. గౌడ తోటలో నీళ్లు తొట్టిలో పడే చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది. అది వినపడకుండా ఉంటే బాగుండేది. ఇంతలో ఉల్లిగడ్డల లారీ వచ్చింది. కంప పక్కకు జరిగింది, లారీ పోయింది, కంప మళ్లీ పడింది. తాత దాన్ని కనుమరుగయ్యేదాకా చూశాడు.

"ఆ అక్క కత ఇదేమే" అన్నాడు. మా పక్కింటి అక్క కువైట్‌లో ఒకరింట్లో పసిబిడ్డను ఎత్తుకునే పనికి పోయింది. ఆమె పాస్‌పోర్టు ఆ ఇంటి బీరువాలో ఉంది. "ఆయమ్మ పంపే దుడ్లు వస్తాండాయి. మనిషికే కంప."

చివరికి తాత గౌడకు ఫోన్ చేశాడు. గౌడ మోటారుసైకిల్ మీద వచ్చి, ఎరువు లేకపోతే తోట పోతుందని గట్టిగా మాట్లాడాడు. సేద్యానికి ఎరువు పోనివ్వవచ్చు. ఎరువు గొర్రెల కడుపులో ఉంది కాబట్టి గొర్రెలు పోవచ్చు. మనుషులు మాత్రం పోకూడదు. ఇంత చిక్కుముడిని కర్ణాటక వైపు పోలీసాయన ఎండలో నిలబడి విప్పాడు, పాపం.

కంప తీశారు. ఒక్క గొర్రె కూడా కదల్లేదు. గౌడ అదిలించాడు, పోలీసాయన ఉస్సు ఉస్సు అన్నాడు. అవి తాతవైపే చూశాయి. "నేను ముందు నడవాల సారూ" అన్నాడు తాత. గౌడ తల ఊపాడు. తాతకు అనుమతి వచ్చింది. నాకు రాలేదు.

"పాప ఎందుకు?" అన్నాడు పోలీసాయన.

ఆ నీడలో ఒక్కదాన్నే ఉండిపోవాలేమోనని తాత పంచె పట్టుకున్నాను. తాత గబుక్కున వంగి ఆ గొర్రెపిల్లను నా చేతుల్లో పెట్టాడు. "పిల్ల యాడికి పోతే తల్లి ఆడికి పోతుంది సారూ. అది పోతేనే మంద కదిలేది." నా చెవిలో మాత్రం వేరే చెప్పాడు. "దించొద్దుమే. దించితే నీతో వాళ్లకు పని లేదు."

నేను నడిచాను. తల్లి అరుస్తూ నా వెనకే వచ్చింది, దాని వెనక మంద వచ్చింది. పోలీసాయన మొహం పక్కకు తిప్పుకుని దారి ఇచ్చాడు.

గొర్రెలు తొట్టిలో మూతులు ముంచాక తాత కర్ర పక్కన పెట్టి తొట్టి గట్టుమీద కూచున్నాడు. తర్వాత, "గీత ఉండాదిమే. అబద్ధమని చెప్పి నేను తప్పుజేస్తి" అన్నాడు. "అది మన్నులో లేదు. మనతో పనుండేవాని చేతిలో ఉండాది. పనుంటే తీస్తాడు, లేకుంటే ఏస్తాడు. పని తీరకుంటే మనల్ని బయటికీ పోనీడు." ఇన్నేళ్ల సిద్ధాంతాన్ని సరిదిద్దుకున్న మనిషి, వెంటనే దోసిలితో అదే తొట్టిలో నీళ్లు తాగాడు.

ఇప్పుడు నేను బెంగళూరులో చదువుకుంటూ, సాయంత్రాలు ఒక అపార్ట్‌మెంటులో పిల్లలకు పాఠాలు చెప్తాను. గేటు దగ్గర రోజూ అడుగుతారు, ఎవరింటికి, ఏం పని అని. చెప్పగానే గేటు తెరుచుకుంటుంది. ఆ క్షణంలో నా ఎడమచేయి దానంతటదే మడతపడుతుంది. ఆ పూటే పుట్టిన గొర్రెపిల్ల బరువు అక్కడ ఇంకా ఉంది.

పక్కింటి అక్క కువైట్ నుంచి తిరిగి రాలేదు. అప్పటి పసిబిడ్డ బడికి పోతున్నాడట. ఆ ఇంట్లో ఇంకొకరు పుట్టారట. అక్క ఇంకా దించలేదు.