తిరగేసిన తునికాకు

కృష్ణకు ఉత్తరపు ఒడ్డున, నల్లమల గుట్టల్లో, మావాళ్లు ఎండాకాలమంతా బీడీల తునికాకు కోసేవారు. నేను వెంట పోయేదాన్ని. పోలీసు యాక్షన్ తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం అది. రజాకార్ల పీడ విరగడైందని ఊపిరి పీల్చుకునేలోపే మిలిటరీ వచ్చి దిగింది. కమ్యూనిస్టు దళాలవాళ్లు అడవి పట్టారు. వాళ్లకు గంజి పోస్తున్నారని గుట్టల్లోని గూడేలను ఖాళీ చేయించారు.

మా దారిలో అలాంటి గూడెం ఒకటుండేది. తడకలు తెరిచే ఉండేవి, పొయ్యిల్లో బూడిద అలాగే ఉండేది. ఎవరిదో కోడి ఒకటి అక్కడే మిగిలిపోయింది. మనుషులను చూస్తే పారిపోవాలా, అది చప్పుడు లేకుండా మా వెనకే నడిచి వచ్చేది. నాకు పులికంటే ఆ కోడంటేనే భయం.

మా మేనమామ దళంలో కలిసి ఏడాది దాటింది. అమ్మకు తోడబుట్టినవాడు ఆయనొక్కడే. వాళ్ల తల్లి తొందరగా పోతే అమ్మే చంకనేసుకుని పెంచింది. మమ్మల్ని పొద్దున లేస్తే తిట్టే మనిషి, తమ్ముడిని మాత్రం ఒక్క మాట అని ఎరగదు. బతికున్నాడో లేడో కబురు లేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే చాలు, అమ్మ లేచి వెళ్లిపోయేది.

కోసిన ఆకును కట్టలు కట్టి కల్లంలో వరుసగా పరుస్తాం. ఒకవైపు ఎండినాక తిరగేయాలి, లేకపోతే అడుగున బూజు పడుతుంది. అదీ పొద్దున్నే, రాత్రి చల్లదనానికి ఆకు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే చేయాలి. ఎండెక్కాక ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది. ఒకనాడు మేం పోయేసరికి తిరగేయాల్సిన వరుసలన్నీ ఎవరో తిరగేసి పెట్టారు. మట్టి అంటిన వైపు పైకి ఉంది. నిన్న పరిచిన పచ్చి కట్టల జోలికి మాత్రం పోలేదు. ఎలుగుబంటి వచ్చిందేమో అన్నాను. ఎలుగుకు ఇంత పనితనం ఉంటే దాన్నే కూలికి పెట్టుకునేవాణ్నని బాపు నవ్వబోయాడు గాని, నవ్వు రాలేదు.

అమ్మ కూర్చుని తొడిమలు చూసింది. అన్నీ గుట్ట దిక్కుకే ఉన్నాయి. అలా పెట్టే అలవాటు మా మేనమామకు ఒక్కడికే ఉండేది.

"మావోడు బతికే ఉన్నడు," అంది అమ్మ, బాపుకు మాత్రమే వినబడేలా. నాకూ వినబడింది.

ఆ తర్వాత చాలా పొద్దులు అలాగే జరిగింది. అమ్మ ముఖంలో కళ వచ్చింది. జొన్నరొట్టె గుడ్డలో కట్టి కల్లం పక్కన పెట్టి వచ్చేది. తెల్లారి చూస్తే ముట్టిన జాడ ఉండేది కాదు, చీమ కూడా పట్టేది కాదు. పట్టుబడతానని భయపడుతున్నాడని అమ్మ తనకు తానే చెప్పుకునేది. నేనైతే ఆ రొట్టె వైపు చూడకుండా దూరంగా నడిచేదాన్ని.

ఆకు గుత్తేదారు మనిషి ఈ వింత కనిపెట్టి క్యాంపులో చెప్పాడు. ఒక సాయంత్రం జవాన్లు తుపాకులతో వచ్చారు. రోజూలాగే కట్టలు పరిచి పొమ్మన్నారు, తాము చెట్ల చాటున కల్లం చుట్టూ కాపు కాస్తామన్నారు. అమ్మ కట్టలు ముట్టనంది, బాపే పరిచాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టలేదు. తుపాకీ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాం. చప్పుడు రాలేదు.

తెల్లవారగానే అమ్మ ముందు నడిచింది, దాదాపు పరుగే. జవాన్లు ఎర్రబడ్డ కళ్లతో విసుక్కుంటున్నారు. కన్ను మూయలేదని, నక్క కూడా రాలేదని వాళ్ల పెద్ద ఉర్దూలో చెప్పాడు. తమ్ముడు రాలేదు, గండం గడిచిందనుకుని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే కల్లంలోకి తిరిగింది.

తిరగేయాల్సిన కట్టలన్నీ తిరగేసి ఉన్నాయి. మట్టి వైపు పైకి, తొడిమలు గుట్ట దిక్కుకు. ఆకు సంగతి తెలియని జవాన్లకు అది కనబడనే లేదు. ఎవరైనా ఆకు ముట్టుకున్నారా అని బాపు వచ్చీరాని ఉర్దూలో అడిగితే, ఈ చెత్తతో మాకేం పని అన్నారు.

అమ్మ ఏడవలేదు. వాళ్లు వెళ్లిపోయేదాకా అలాగే నిలబడి, అప్పుడు అంది: "పానంతోని వచ్చినోడైతే వాళ్లకు కనబడుతుండె."

నాకు అమ్మ మీద జాలి కలిగింది, ఆ కల్లం మీద భయమూ పుట్టింది. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను. మర్నాటి నుంచి మేం ఆకు కోతకు పోలేదు.

వానలు వెళ్లి పెత్రమాస వచ్చింది, ఇంట్లో పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్య. అమ్మ చాటలో బియ్యం, కూరగాయలు పెట్టుకుని అయ్యగారి ముందు కూర్చుంది, తమ్ముడి పేరు చెప్పింది. ఎప్పుడు పోయాడని ఆయన అడిగాడు.

"ఎప్పుడు పోయిండో ఎరుకలేదు అయ్యగారూ," అంది అమ్మ. "ఎండకాలమంత మాతోని పని చేసిండు."