కుందేళ్ళ దాకానే

కొబ్బరినూనె కలిపిన దాణా వాసన ఇవాళ మా ల్యాబులో మళ్ళీ గుప్పుమంది. కుందేళ్ళ రక్తనాళాల్లో కొవ్వు పేరుకునేలా పెట్టే మేత అది. ఆ వాసన తగిలితే చాలు, శకుంతల మేడం గుర్తొచ్చి నా మనసు చేదెక్కుతుంది. సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్ళో ఉన్న ఈ మందుల కంపెనీలో నాకు పని నేర్పిన మనిషి ఆవిడ. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన మగ్గాల ఇంట్లో పుట్టి, చదువుకుని, మా ల్యాబుకు పెద్దయింది.

బీపీ మాత్ర ఇస్తే కుందేళ్ళలో రక్తనాళాలు పూడుకుపోవడం నెమ్మదిస్తుందా అని చూడడం మా పని. నిజంగానే నెమ్మదించింది. "మందు రక్తనాళాలను బాగుచేసింది" అని నేను రాస్తే మేడం ఆ కాగితం నా ముందుకు విసిరింది. "బాగుచేసిందా? గా మాట నీకెవరు చెప్పిన్రు? జర నెమ్మదించింది, గంతే. గది గూడ కుందేళ్ళల్ల!" ల్యాబులో మాటను అంతలా తూచే మనిషి, ఆ సాయంత్రమే సంబరం పట్టలేక దూద్‌పేడాల డబ్బా కొని, సూరత్‌లోనే ఉన్ అనే బస్తీలో ఉండే వాళ్ళన్న నర్సయ్య ఇంటికి నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది. గల్లీ అంతా పంచింది. మిఠాయి పంచితే జనం ఏమనుకుంటారో ఆవిడకు తట్టనే లేదు.

నర్సయ్య ఊరి బయట జోల్వాలోని ఒక కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాడు. నాలుగడుగులు వేస్తే ఛాతీ పట్టేస్తోందని ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్తే, వెంటనే యాంజియోగ్రాం చేయించుకోమన్నాడు. బీపీకి ఆయన వేసుకునేది మేం పరీక్షించిన మాత్రే. ఇంకేం, వింటాడా?

"నాకేమైతది? నా చెల్లె పాస్ చేసిన గోలీ రోజు మింగుతున్న."

"అన్నా, గది కుందేళ్ళ ముచ్చట. నీ కాళ్ళు మొక్కుత, దవాఖానకు పోదాం పా."

"మరి పేడాలు గూడ కుందేళ్ళకే పంచకపోయినవా!"

అందరూ పగలబడి నవ్వారు. మేడం కూడా నవ్వేసింది. నాకు ఇప్పటికీ ఆ నవ్వు మీదే కోపం. తర్వాత ఎంత బతిమాలినా ఆయన కదలలేదు. నెల తిరక్కుండానే మగ్గం దగ్గర కుప్పకూలాడు.

శవం ముందే వదిన మేడంను నిలదీసింది. "కుందేళ్ళను బతికించుకున్నవ్, అన్నను బతికించుకోకపోతివి గదనే!"

మేడం తల ఎత్తలేదు. "ఒక్క కుందేలు గూడ బతకలే వదినా. కోసి చూస్తెనే గదా, నాళం లోపట ఎట్లున్నదో తెలిసేది."

ఆవిడ మళ్ళీ ల్యాబుకు రాలేదు. ఆవిడ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. పోయిన వారం మా నాన్నకు ఛాతీలో నొప్పి వచ్చింది. "మీ కంపెనీ గోలీ ఒకటి ఇయ్యి బిడ్డా, సరిపోతది" అన్నాడు. రెక్క పట్టుకుని ఆటో ఎక్కించాను. ఆస్పత్రి దాకా నన్ను తిడుతూనే ఉన్నాడు. తిట్టనీ. బతికుండి తిట్టనీ.