పాతది జమ చేస్తేనే కొత్తది

టీచరమ్మ బావగారు పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఏదీ ఊరికే ఇచ్చిన పాపాన పోలేదు. అడిగింది ఎవరైనా సరే, అడిగిన వస్తువు ఏదైనా సరే, ఆయన అరచెయ్యి చాచి ఒక్కటే ముక్క అంటారు: "పాతది ఏదీ?"

పిసినారి అనుకునేరు. పిసినారి అయితే నయమే, నాలుగు తిట్టుకుని ఇంటికి పోవచ్చు. బావగారు ముప్పయ్యొక్క ఏళ్లు సైన్యంలో సామాన్ల స్టోరు నడిపారు. అక్కడ చిరిగిన బూట్లు అప్పజెబితేనే కొత్త బూట్లు, సొట్టపోయిన పళ్లెం అప్పజెబితేనే కొత్త పళ్లెం. రిటైరైన రోజున స్టోరు తాళాలు పద్ధతిగా అప్పజెప్పి వచ్చారు గానీ, ఆ రూలును మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చుకున్నారు. ప్రభుత్వం కూడా దాన్ని వెనక్కి అడగలేదు. వదిలిపోయిందని సంతోషించి ఉంటుంది.

ఆ రూలుకి మొదటి బాధితురాలు టీచరమ్మ అక్కగారే. ఒకసారి ఆవిడ స్నానాల గదిలోంచి సబ్బు అందించమని కేకేసింది. తలుపు సందులోంచి అరచెయ్యి వచ్చింది.

"పాతది?"

"అరిగిపోయిందండీ!"

"మొత్తం ఎలా అరుగుతుంది? ఎంతో కొంత ముక్క మిగలాలే."

"తూములో పోయింది! నేనూ పోతాను, అప్పుడు నన్ను జమ చేసేసి కొత్తదాన్ని తెచ్చుకుందురుగాని!"

బావగారు ఒక క్షణం ఆలోచించి సబ్బు ఇచ్చారు. ఆ ఒక్క క్షణాన్నీ అక్క ఇప్పటికీ క్షమించలేదు.

పోనీ ఇతరుల దగ్గరైనా ఊరుకుంటారా? పళ్ల డాక్టరు ఆయనకి ఒక పన్ను పీకి, దాని చోట కట్టుడు పన్ను బిగించాడు. బావగారు కుర్చీ దిగకుండా, "పాతది మీకు జమ అయినట్టు ఒక కాగితం రాసివ్వండి" అని భీష్మించుకుని కూర్చున్నారు. బయట పదిమంది దవడలు పట్టుకుని మూలుగుతున్నారు. డాక్టరు ఏడవలేక నవ్వుతూ రాసిచ్చాడు.

ఇంత చెప్పాక టీచరమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆవిడ బళ్లో ముప్పయ్యేళ్లు డ్రాయింగు నేర్పింది. రిటైరయ్యాక ఒక లాండ్రీ పైనున్న గదిని అద్దెకు తీసుకుని, పదకొండు మంది ఆడవాళ్లను పోగేసి, ఊలు అల్లికలు మొదలుపెట్టింది. కింద ఇస్త్రీ ఆవిరి పైకి తన్నుకొచ్చి ఆ గది ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. అక్కడ అల్లే స్వెటర్లు, మఫ్లర్లు, మేజోళ్లు అన్నీ ఊరి చివర మూతపడ్డ బస్సు గ్యారేజీకి వెళ్తాయి. ఒకప్పుడు సైన్యంలో పనిచేసి ఇప్పుడు తలదాచుకోను ఇల్లు లేనివాళ్లు పాతిక మంది దాకా, పెళ్లాం పిల్లలతో ఆ రేకుల కింద ఉంటున్నారు. వాళ్లందరి దగ్గరా పతకాలున్నాయి. పతకం ఎంత పెద్దదైనా, కప్పుకుంటే వెచ్చగా ఉండదు.

ఆ గదికి బావగారిని తెచ్చి పడేసిన ఘనత అక్కదే.

"రోజూ రెండు గంటలు ఆయన్ని నీ దగ్గర ఉంచుకోవే. కాస్త ఊపిరి పీల్చుకుంటాను."

"అక్కడ ఆయనేం చేస్తారక్కా?"

"ఇక్కడ చెయ్యకపోతే చాలు."

అలంకారానికి ఒక మూల కూర్చుంటారులే అనుకుంది టీచరమ్మ. బావగారు సూదులు అందుకుని చకచకా అల్లడం మొదలుపెట్టేసరికి పదకొండు మంది నోళ్లూ తెరుచుకున్నాయి. ఎప్పుడో కాలు విరిగి సైనికాసుపత్రిలో నాలుగు నెలలు పడుకున్నప్పుడు, పక్క మంచం మనిషి నేర్పాడట. ఆయనది ఒకటే రంగు, వానకి తడిసిన సిమెంటు గోడ రంగు. ఒకటే నమూనా, అసలు నమూనా అనేదే లేకపోవడం. కానీ లాగితే చిరగదు, ఉతికితే సాగదు.

వారం తిరక్కుండా తనిఖీ అధికారం కూడా ఆయనే పుచ్చుకున్నారు. ఎవరూ ఇవ్వలేదు. ఒకరు అల్లిన స్వెటరును కిటికీకి ఎదురుగా పట్టుకుని, రెండు చేతులతో సాగదీసి చూసేవారు.

"కన్నం."

"అది డిజైను బావగారూ!" అని లబోదిబోమంది టీచరమ్మ.

"చలికి డిజైను తెలీదు మరదలు పిల్లా."

అరవై దాటిన టీచరమ్మను మరదలు పిల్లా అని పిలిచే మనిషి భూమ్మీద ఆయనొక్కరే. అంత కోపంలోనూ ఆ పిలుపు ఆవిడకి కాస్త నచ్చేది. పైకి ఒప్పుకోదు.

ఇక కొత్త ఊలు ఉండ కావాలంటే పాత ఉండ తాలూకు చివరి దారం చూపించాల్సిందే. రిటైరైన నర్సమ్మ ఒకావిడ పంతానికి పోయి, రెండు అంగుళాల దారాన్ని పళ్లెంలో పెట్టి తెచ్చింది. బావగారికి వెటకారం అర్థం కాలేదు. "ఇలా ఉండాలి పద్ధతి" అని అందరికీ తిప్పి చూపించారు. ఆయన టీచరమ్మకి ఒక్కదానికే బావ. అయినా నెల తిరిగేసరికి ఆ గదిలో అందరికీ బావగారైపోయారు, వెనకాల మాత్రం 'పాతదేదీ గారు'.

ఇలాంటి మనిషిని పంపకాలకి తీసుకెళ్లగలమా? ఒంటి మీద సరైన గుడ్డ లేనివాణ్ణి పట్టుకుని "పాతది ఏదీ?" అంటే ఇంకేమైనా ఉందా! అందుకే మొదటి ఏడాది బావగారికి చెప్పకుండా, ఆయన పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు చూసుకుని, టీచరమ్మ బృందం గ్యారేజీకి బయల్దేరింది.

పంపకం దివ్యంగా జరిగింది. బ్యానరు కట్టారు. టీచరమ్మ "మీ త్యాగానికి మా చిరుకానుక" అంటూ పావుగంట మాట్లాడింది. ఫొటోలు తీశారు. వాటిలో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. మగవాళ్లకి మాత్రం సరిగ్గా ఆ పూటే ఎక్కడెక్కడో పనులు పడ్డాయి. దొరికిన ఒక్క మగవాడూ, సైన్యంలో లారీ నడిపిన డ్రైవరు, చేతులు వెనక్కి కట్టుకుని మర్యాదగా అన్నాడు:

"మాకేం లోటు లేదమ్మా. లేనివాళ్లకెవరికైనా ఇవ్వండి."

అతను నిలబడ్డ చోటుకి పైన రేకు లేదు. కాళ్లకి రెండు రకాల చెప్పులున్నాయి. ఇంతకంటే లేనివాణ్ణి ఎక్కడినుంచి తేవాలో తెలియక టీచరమ్మ స్వెటరును మళ్లీ మూటలో కుక్కింది. "ఎంత పొగరో!" అనుకుంటూ ఇంటికొచ్చింది.

ఈ ఏడు చలి ముదిరేసరికి ఆ డ్రైవరు భార్య లాండ్రీ మెట్లెక్కి వచ్చింది. భర్తకి తెలియకుండా వచ్చానంది. అతని ఛాతీలో నెమ్ము చేరింది. ఇంకొక్కసారి చలి పట్టిందంటే తన చేతుల్లో ఉండదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పేశాడు. ఉన్న ఒక్క స్వెటరూ మోచేతుల దగ్గర జల్లెడైపోయింది.

"ఒక్కటి ఇప్పించండమ్మా. ఎలాగో నచ్చజెప్పి తొడిగిస్తాను."

టీచరమ్మ తను సొంతంగా, దగ్గర దగ్గరగా, ఒక్క డిజైనూ లేకుండా అల్లిన స్వెటరు ఇచ్చింది. మర్నాడే వాళ్ల ఆరేళ్ల కూతురు దాన్ని చక్కగా మడత పెట్టిన కాగితప్పొట్లంలో వెనక్కి తెచ్చింది.

"నాన్న వద్దన్నారు. ఊరికే తీసుకోకూడదంట."

ఈసారి టీచరమ్మకి పొగరు అన్న మాట నోటికి రాలేదు. భయమేసింది. ఎలాగైనా ఆ మనిషి ఒంటి మీద ఊలు పడాలి, అంతే. ఆ ఆదివారమే మళ్లీ పంపకం పెట్టింది. తీరా ఆ రోజుకి నర్సమ్మకి నడుం పట్టేసింది, ఇంకో ఇద్దరికి జలుబు. మూటలు మోయడానికి మిగిలింది బావగారొక్కరే.

"ఒక్క షరతు" అంది టీచరమ్మ వ్యాను ఎక్కుతూ. "అక్కడ మీరు నోరు విప్పకూడదు."

"అలాగే" అన్నారు బావగారు.

గ్యారేజీ ముందు దిగీ దిగగానే ఆయన మడతబల్ల వేసి, దాని మీద సంతకాలకి ఒక రిజిస్టరు తెరిచారు. స్వెటర్లన్నీ సైజులవారీగా వెనకాల పేర్చుకున్నారు. బల్ల మీద చేత్తో రెండుసార్లు చరిచి, 'అలాగే' అన్న నోటితోనే గొంతు చించుకున్నారు:

"స్టోరు తెరిచాం! వరసలో రావాలి!"

టీచరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగబోయింది. అయితే రేకుల వెనకనుంచి ఒక్కొక్క తలే బయటికొచ్చింది. నిరుడు పనులున్న మగవాళ్లంతా ఇవాళ ఖాళీగానే ఉన్నారు. చెప్పకుండానే ఎత్తు ప్రకారం నిలబడ్డారు. ముందున్నది సైన్యంలో వంట చేసిన ముసలాయన. బావగారు అరచెయ్యి చాచారు.

"పాతది ఏదీ?"

అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుని టీచరమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. వంటాయన గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. వరసలో ఎవరూ కదల్లేదు. కాసేపటికి ఆయన ఒకప్పుడు స్వెటరైన వస్తువొకటి పట్టుకుని తిరిగొచ్చాడు. అందులో ఊలు కంటే కన్నాలే ఎక్కువ.

"ఎన్నేళ్లు వాడావు?"

"తొమ్మిదేళ్లు సార్."

"బాగా వాడావు. సైజు?"

కొత్తది చేతికిచ్చారు. వంటాయన అక్కడికక్కడే తొడుక్కుని, సంతకం పెట్టి, ఛాతీ విరుచుకుని వెళ్లాడు. వరస చకచకా కదిలింది. ఒకతని దగ్గర చేతిపట్టీ తాలూకు నాలుగు దారాలే మిగిలాయి. బావగారు వాటిని వేలికి చుట్టి చూసి, "మిగతాది అరుగుదల" అని తీర్పిచ్చి మంచి మందమైనది తీసిచ్చారు. భర్త పోయిన ఒకావిడ గుప్పిట విప్పి ఒక బొత్తాం చూపించింది.

"ఆయనది ఇదొక్కటే ఉందండీ. ఇవ్వలేను."

"చూపించావుగా, చాలు. నీ దగ్గరే ఉంచుకో. రూల్లో ఉంది."

"ఏ రూల్లో బావగారూ?" అంది టీచరమ్మ ఉండబట్టలేక.

"ఇక్కడ నువ్వు నోరు విప్పకూడదు" అన్నారు బావగారు.

డ్రైవరు మాత్రం దూరంగా గోడకి ఆనుకుని చూస్తున్నాడు. టీచరమ్మ కాళ్లు అటే లాగాయి, పిలుద్దామని. బావగారు తలెత్తకుండానే ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఆపారు. వరస అయిపోయింది. బావగారు బల్ల సర్దుతున్నట్టు నటిస్తూ, సర్దిన వాటినే మళ్లీ మళ్లీ సర్దుతున్నారు. దగ్గు వినిపించింది. డ్రైవరు బల్ల ముందుకొచ్చి నిటారుగా నిలబడ్డాడు. చంకలో పాత స్వెటరు, నాలుగు మూలలూ కలిపి మడతపెట్టి ఉంది.

"పాతది తెచ్చాను సార్."

బావగారు దాన్ని విప్పి, వెలుతురుకి పట్టుకుని చూసి మండిపడ్డారు. "మోచెయ్యి దగ్గర ఇంత కన్నమేంటయ్యా? లారీ నడిపావా, లారీతో కుస్తీ పట్టావా?"

"పాత బండి సార్. రెండూ చేయాల్సొచ్చేది."

అతను నవ్వడం టీచరమ్మ అదే మొదటిసారి చూడటం. బావగారు వెనక్కి తిరిగి, అతను తిప్పి పంపిన ఆ స్వెటరునే తీశారు. కుట్లు లాగి చూసి, "అల్లిక కాస్త వంకరే. సర్దుకో" అని ఇచ్చారు. డ్రైవరు సంతకం పెట్టి తొడుక్కున్నాడు. వంకర అన్నందుకు ఏడవాలో, అతను తొడుక్కున్నందుకు నవ్వాలో టీచరమ్మకి తెలియలేదు. రెండూ చేసింది.

తిరుగుదారిలో వ్యానులో అడిగింది. "బావగారూ, ఊరికే ఇస్తే వాళ్లు తీసుకోరని మీకు ముందే తెలుసు కదూ?"

"నాకేం తెలుసు? రూలు రూలే" అని ఆయన కిటికీలోంచి, చూడ్డానికి ఏమీ లేని రోడ్డును శ్రద్ధగా చూడసాగారు.

టీచరమ్మకి సిగ్గేసింది. తను చేతుల నిండా పట్టుకెళ్లి, తిరిగి ఏమీ అడక్కుండా ఇస్తున్నానని ఇన్నాళ్లూ పొంగిపోయింది. వాళ్ల దగ్గర కూడా ఇవ్వడానికి ఏదో ఉంటుందని ఈ పాతదేదీ గారికి తప్ప ఎవరికీ తట్టలేదు. మర్నాడు అక్క ఫోను చేసి లబలబలాడింది: బావగారు ఆ చిరుగులన్నీ ఇంటికి తెచ్చి, ఊడదీసి, ఉతికి, ఊలు ఆరబెట్టి, పిల్లల చేతులకి తొడుగులు అల్లుతున్నారట. ఇంట్లో సబ్బులన్నీ దానికే ఖర్చు.

గురువారం లాండ్రీ మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. డ్రైవరు. తలుపు దగ్గర చెప్పులు విప్పి, తిన్నగా బావగారి ముందుకొచ్చాడు.

"సార్, ఫిర్యాదుంది. మెడ బిగుతు. దగ్గొచ్చినప్పుడు పట్టేస్తోంది. అసలు ఇది ఎవరి పని?"

పదకొండు వేళ్లు ఏకంగా టీచరమ్మ వైపు తిరిగాయి. "విప్పి ఆవిడకివ్వు" అన్నారు బావగారు. డ్రైవరు విప్పేలోపే తన ఒంటి మీది స్వెటరు తీసి అతని భుజాల మీద వేశారు. ఈసారి అరచెయ్యి చాచడం మరిచిపోయారు. ఎవరూ గుర్తు చెయ్యలేదు.

నిరుడు తనకేం లోటు లేదన్న మనిషి ఇవాళ టీచరమ్మ అల్లికకి వంక పెట్టడానికి ఊరి చివరినుంచి నడిచొచ్చాడు. ఆవిడ జీవితంలో ఇంత హాయైన తిట్టు తినలేదు. అయినా మొహం చిట్లించుకుని, కళ్లజోడు సవరించుకుని, "ఆరు కుట్లు పెంచుతాలే" అంటూ మెడ పట్టీ ఊడదీయడం మొదలుపెట్టింది. డ్రైవరు ఆవిడ పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎనిమిది కుట్లు పెంచండమ్మా. ఆరు చాలవు. నేను చూస్తూనే ఉంటాను."