మూడున్నర గంటల దూరం

మూడున్నర గంటలు. ఈ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా అన్న పనిచేసే దుబాయి నుంచి హైదరాబాదుకు విమానం అంతసేపే ఎగురుతుందని మా ఆడబిడ్డ తన ఫోన్‌లో చూసింది. చూసి ఊరుకునే మనిషా! కోరుట్లలో మా అన్న ఇంట్లో, నా ఒడిబియ్యం రోజున, వచ్చినవాళ్లందరికీ ఆ ఫోన్ తిప్పి చూపించింది.

"సిరిసిల్ల నుంచి పట్నం పోవుడుకు గంతే పడ్తది. గింత దగ్గరుండి రాలేదంటే ఏమనాలె? చీర పెట్టాలని భయమైతుందేమో!"

జగిత్యాల నుంచి వచ్చిన చుట్టాలు నవ్వారు. పీట మీద కూర్చున్న నాకు ఆ ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది.

అమ్మానాన్నలు లేని నాకు పుట్టిల్లంటే మా అన్నే. పెళ్లయ్యాక బేసి సంవత్సరాల్లోనే మా దగ్గర పుట్టింటివాళ్లు ఆడపిల్ల కొంగులో ఒడిబియ్యం పోసి చీర పెడతారు. ఐదో ఏట కుదరలేదు. ఇది ఏడో ఏడు, అదీ అయిపోవస్తోంది. ఈసారి తప్పితే మళ్లీ తొమ్మిదో ఏడే. పుట్టింటికి వచ్చి ఒడి నిండకుండా సిరిసిల్లలో అత్తగారింటికి పోతే ఎన్ని మాటలు పడాలో అన్నకు తెలుసు. అందుకే టికెట్ కొన్నాడు. మేనేజరు సెలవిచ్చాడు, కానీ అన్న పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళంచెవితో ఎటో పోయాడు. పొద్దున్నే అన్న తన కూలీల క్యాంపు నుంచి నాకు ఫోన్ చేసి, "నేనెక్కాల్సిన ఇమానం మా క్యాంపు మీదికెళ్లే పోయింది చెల్లె," అన్నాడు. ఆ గొంతు విన్నది నేనొక్కదాన్నే.

ఆడబిడ్డ అంతటితో ఆగలేదు. అన్నకు వీడియో కాల్ చేసి అందరూ వినేలా అడిగింది. "ఏం తమ్మి, మూడున్నర గంటలే గదా! రారాదా?"

ఉన్నమాట చెబుతాడనుకున్నాను. లేదు, పరువు! "పని జర ఎక్కువున్నది అక్కా," అని నవ్వాడు. నాకు ఆమె మీదకన్నా అన్న మీదే ఎక్కువ కోపమొచ్చింది.

"సరె తియ్. మీ వదినె పోస్తది, కొంగు పట్టు," అంది ఆడబిడ్డ. మా వదిన పసుపు బియ్యం దోసిట్లోకి తీసుకుంది. నేను లేచి నిలబడ్డాను.

"వద్దు వదినె. మూట కట్టి దాచు, అన్నొచ్చినప్పుడే పోసుకుంట."

"ఏందే, దిమాక్ గిట్ట ఖరాబైందా? ఒట్టి ఒడితోని మా ఇంటికస్తవా?" అని అరిచింది ఆడబిడ్డ.

"అస్త. మా అన్న పాస్‌పోర్టు మా అన్న చేతుల లేదు. మేనేజరు బీరువల పెట్టి తాళమేసిండు. నీ ఫోన్ల గది కనవడ్తదా?"

ఫోన్‌లో అన్న తల దించుకున్నాడు. కాల్ కట్ అయింది.

సిరిసిల్ల బస్సులో ఆడబిడ్డ నా పక్కన కూర్చోలేదు. మంచిదే అనుకున్నాను. దారిలో అన్న ఫోన్ చేశాడు.

"గంతమంది ముంగట ఎందుకు చెప్పినవ్ చెల్లె?" అన్నాడు.

ఆ తర్వాత నాకు ఫోన్ చేయడం మానేశాడు.