ఆప్టికల్ కేబుల్ పెట్టిన సాయంత్రం

పాప కంప్యూటరు డబ్బా వెనక్కి చెయ్యి పోనిచ్చి, "అమ్మా, ఇక్కడ చీమలు కుడుతున్నాయి" అని నవ్వింది. వంగి చూశాను. చీమలేం లేవు. నేనూ వేలు ఆనించాను. అప్పుడే గిన్నెలు కడిగి వచ్చిన తడి కాళ్ళు, మోచేతి దాకా జివ్వుమంది. మూడేళ్ళ పిల్లాడు "నేనూ, నేనూ" అంటూ దూసుకొస్తున్నాడు. వాణ్ణి చంకనేసుకుని స్విచ్చు కట్టేశాను.

అంతకుముందు మా బాధల్లా స్పీకర్లలో రొద. నందిగామలో అద్దెకున్నప్పుడు ఇదే కంప్యూటరులో పాట పెడితే పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేది. జగ్గయ్యపేటలో అత్తగారింటికి వచ్చాక ప్రతి పాట అడుగునా గుయ్‌మని ఒకటే మోత.

కంప్యూటరులోని అంకెల్ని శబ్దంగా మార్చే చిన్న పెట్టె ఒకటి ఉంది మాకు, డాక్ అంటారు. దానికీ కంప్యూటరుకీ మధ్య ఏ తీగ వెయ్యాలన్నదే నా తర్జనభర్జన. యూఎస్‌బీ అయితే ఎంత పెద్ద ఫైలయినా పోతుంది, కానీ అది రాగి తీగ, పాటతో పాటు రొద పుట్టించే కరెంటూ వస్తుంది. కోయాక్సియల్ అంటే టీవీ కేబుల్ లాంటిదే, అందులోనూ రాగే. ఆప్టికల్‌లో లోహం ఉండదు, వెలుగు మాత్రమే వెళ్తుంది. మరీ పెద్ద ఫైళ్ళు మొయ్యలేకపోయినా మా పాటలకి అది చాలు.

చీమల సంగతి చెబితే మా వారు తేలిగ్గా తీసుకున్నారు. ఆయనది సిమెంటు కొట్టు.

"అన్ని కంప్యూటర్లూ కాస్త జివ్వుమంటాయి. నువ్వు అన్నిటికీ భయపడతావ్."

ఆప్టికల్ కేబుల్ వచ్చిన సాయంత్రం నేనే బిగించాను. కొసన ఎర్రటి వెలుగు. పాట పెట్టాను. రొద లేదు. పాట ఆగినచోట ఇల్లంతా నిశ్శబ్దం.

"పోయిందిగా! ఇక హాయిగా విను," అన్నారాయన.

వినలేకపోయాను. టెస్టర్ తెచ్చి డబ్బా వెనక మరమేకుకి ఆనించాను. టెస్టర్ లోపలి చిన్న బల్బు వెలిగింది. కేబుల్ తెంచింది స్పీకర్ల దారిని మాత్రమే. కరెంటు డబ్బా మీదే ఉంది. ఇన్నాళ్ళూ ఏదో తేడా ఉందని మోతపెట్టి చెప్పిన దాని నోరు మాత్రం నేను మూయించాను.

నందిగామలో లేనిది ఇక్కడ ఉందంటే తప్పు కంప్యూటరుది కాదు, ఇంటిది. డబ్బాల మీదికి తప్పిపోయి వచ్చే కరెంటుని నేలలోకి దింపాల్సింది ఎర్త్ తీగ. అత్తగారిని అడిగాను, "అత్తయ్యా, మన ఎర్త్ గొయ్యి ఎక్కడండీ?"

"పెరట్లో ఉండేది, గోడ వార. ఎండాకాలం వస్తే రోజూ బిందెడు నీళ్ళు పోసేదాన్నమ్మాయ్, మన నేల గుక్కలో తాగేసేది. ఇప్పుడెక్కడుంది? మీ ఆయన గచ్చు కింద కప్పెట్టేశాడుగా!"

"మట్టి తొక్కుకొస్తున్నారని గోల పెట్టింది నువ్వేగా అమ్మా?"

"గచ్చు చెయ్యమన్నాన్రా, గొయ్యి మింగమన్నానా? సిమెంటు మన కొట్టుదేగా అని జానెడు మందం పోయించావ్!"

ఆయనకి నవ్వొచ్చింది. నాకు రాలేదు. ఆ ఎర్త్ తీగ ఒక్క కంప్యూటరుకే కాదు. ఫ్రిజ్‌కీ, వాషింగ్ మెషీన్‌కీ, గీజర్‌కీ అదే. నీళ్ళు లేక ఎండిపోయిన గొయ్యి కరెంటుని నేలలోకి లాక్కోకపోతే, వాటిలో ఏది చెడినా ఆ కరెంటు మిగతావాటి ఒంటి మీదికి పాకుతుంది. పిల్లలు బయట నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని ఆ తడితోనే ఫ్రిజ్ తలుపు లాగుతారు.

"ఆదివారం పగలగొట్టిద్దాంలే," అన్నారు.

"ఆదివారం దాకా మనవాడు ఫ్రిజ్ తియ్యకుండా మీరు కాపలా ఉంటారా?"

ఆయన పిల్లాడి వంక చూశారు. వాడు నేల మీద కూర్చుని నీళ్ళ గ్లాసు ఒంపుతున్నాడు. ఫోన్ తీసి ఎలక్ట్రీషియన్ని, గచ్చు పగలగొట్టే మనిషిని పొద్దున్నే రమ్మన్నారు. నేను ఫ్రిజ్‌తో సహా అన్ని ప్లగ్గులూ పీకేశాను. అయినా పడుకున్నాక రెండుసార్లు లేచి చూసుకున్నాను, ఎవరైనా అలవాటుగా మళ్ళీ పెట్టేశారేమోనని.

మర్నాడు పొద్దున పెరట్లో సమ్మెట దెబ్బలు మొదలవగానే పిల్లలిద్దరినీ మంచం మీదే కూర్చోబెట్టి చెప్పాను: "ఇవాళ ఇంట్లో కూడా చెప్పులేసుకునే తిరగండి. ఫ్రిజ్ జోలికీ స్విచ్చుల జోలికీ వెళ్ళొద్దు. ఏం కావాలన్నా నన్నే అడగండి. చెప్పులేంటని నానమ్మ కోప్పడితే, అమ్మే వేసుకోమందని చెప్పండి."